బిళ్లల బరువు తీసేస్తే

నేను రాసిన ప్రోగ్రాము మొట్టమొదట తూచింది చక్కెర ప్యాకెట్లను. భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుల క్వార్టర్ల దగ్గర ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉండేది. జనగామలో నేను పనిచేసే కాంటాల షాపు సేటు వాళ్లకు కొత్త రకం కాంటా ఒకటి అమ్మాడు. యూఎస్‌బీ వైరుతో కంప్యూటరుకు తగిలిస్తే చాలు, బరువు దానంతట అదే పడుతుందని చెప్పి మరీ అమ్మాడు. వైరు తగిలించినంత మాత్రాన ఏమీ పడదని, దాన్ని చదవడానికి ఒక ప్రోగ్రాము కావాలని ఆయనకు తర్వాత తెలిసింది. షాపులో కంప్యూటర్ కోర్సు చేసినవాడిని నేనొక్కడినే. చేతిలో టికెట్ పెట్టి బస్సెక్కించాడు.

ఆ కాంటా వైరులోంచి ఆగకుండా ఆరేసి అంకెలు పంపుతూనే ఉంటుంది. మొదటి అంకెతో మనకు పని లేదు. రెండోది ముఖ్యం. అది మూడైతే కాంటా మీద ఉన్నది ఇంకా కదులుతోందని అర్థం, నాలుగైతే కుదురుకుందని. మూడోది బరువు గ్రాముల్లోనా, ఇంకో కొలతలోనా చెబుతుంది. నాలుగోది దశాంశ చుక్క ఎక్కడ పెట్టాలో చెబుతుంది. బరువు చివరి రెండిటిలో ఉంటుంది. ఆఖరి అంకెను రెండువందల యాభై ఆరుతో గుణించి, దాని ముందుదాన్ని కలుపుకోవాలి. ఇది కనిపెట్టడానికి నాకు చాలా అవస్థ అయింది. కనిపెట్టిన రోజు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. దుకాణంలో అందరూ బేరాల్లో ఉన్నారు. నేను పడుకునే ఖాళీ క్వార్టరుకు వెళ్లి తలుపు వేసుకున్నాను. నాలుగు వచ్చేదాకా ఆగు, వచ్చాకే బరువు రాసుకో అని ప్రోగ్రాములో రాశాను. చక్కెర ప్యాకెట్లతో అది చక్కగా పనిచేసింది.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికి వచ్చిన రోజులు. జనగామలో మా షాపుకు కూతవేటు దూరంలో దీక్షా టెంటు ఉండేది. నాతో చదువుకున్నవాళ్లంతా అందులోనే ఉండేవారు. నేనూ తెలంగాణ కావాలన్నవాడినే. కాని గుంపులో నిలబడితే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. అందరూ నినాదం అందుకున్నాక ఒక క్షణం ఆలస్యంగా నా నోరు తెరుచుకునేది. నన్నెవరూ రావద్దనలేదు. పిలవాలని ఎవరికీ గుర్తుకు రాలేదు, అంతే. అమ్మా నాయినా పోయారు. నర్మెట్టలో అక్క ఉంది, తన సంసారంతోనే తనకు తీరదు. షాపు పైన గదిలో నేను, నా కంప్యూటరు ఉండేవాళ్లం.

ఒంటరిగా ఉండటం గురించి గొప్పగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులో గొప్పేమీ లేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని అనడానికి కూడా మనిషి ఉండడు.

చలికాలంలో సేటు నన్ను మహబూబాబాద్ పంపాడు. స్టేషన్ రోడ్డుకు దగ్గర ఒక చిన్న పిల్లల దవాఖాన. నెలలు నిండకుండా పుట్టినవాళ్లను అక్కడ ఉంచుకుని చూసేవారు. డాక్టరమ్మ పసిపిల్లలను తూచే కాంటా కొన్నది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తూచిన బరువు కంప్యూటరులో పడాలి, ఎవరెట్లా పెరుగుతున్నారో ఒక గీతలా కనబడాలి అన్నది ఆమె కోరిక. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు రావచ్చనుకున్నాను. నేను దిగిన తర్వాత ఇంకో రైలు రాలేదు. జనం పట్టాల మీద కూర్చున్నారు. బస్సులు అంతకు ముందే బంద్. డాక్టరమ్మ మందులు పెట్టే గదిలో నాకొక మంచం వేయించింది.

"ఇగ ఎట్ల పోతవ్? ఉండి పని సక్కగ చెయ్" అంది.

కొత్త కాంటా తొట్టిలో మొదట పడుకోబెట్టింది గంగారం అవతల అడవిలో ఉన్న తండా నుంచి వచ్చిన ఆడపిల్లను. పేరింకా పెట్టలేదు. చలికి ఒళ్లు విప్పకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది కాబట్టి పాత చీర గుడ్డలో చుట్టే తూచేవాళ్లు. అలాంటి గుడ్డనే ముందు తూచి, ఆ బరువు తీసేయమని ప్రోగ్రాముకు చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. పిల్ల గుడ్డలోనే కాళ్లు ఆడించింది. తెర మీద మూడు. మెడ తిప్పింది. మూడు. ఏడుపు అందుకుంది. మూడే. నా ప్రోగ్రాము నాలుగు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. చక్కెర ప్యాకెట్లకు కాళ్లుండవన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

పిల్ల అమ్మమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. లంబాడా అవ్వ. చేతులకు మోచేతుల దాకా తెల్ల గాజులు, మెడలో వెండి బిళ్లల హారం.

"ఏమైంది కొడుకా? గింత పిల్లను గూడ మొయ్యలేదా నీ మిషిను?" అంది.

"మోస్తది అవ్వా. పిల్ల ఊకె ఆడుతున్నది, అందుకే చెప్తలేదు."

"ఆడనియ్యి. ఆడుతున్నదంటే పాణమున్నట్టే గదా."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ప్రాణమున్నదాన్ని తూచడం రాని ప్రోగ్రాము రాసి పెద్ద పనిమంతుడినని అనుకుంటున్నాను. ఆ పూటంతా కూర్చుని మార్చాను. నాలుగు కోసం ఆగడం మానేసి, పిల్ల కదులుతున్నా వరుసగా వచ్చే బరువులన్నీ పోగుచేసుకుని, మరీ ఎక్కువవి మరీ తక్కువవి వదిలేసి, నడుమ నిలిచినదాన్ని తీసుకోమన్నాను. సాయంత్రం మళ్లీ తూచాం. చివరి రెండు అంకెలు వంద, ఆరు. అంటే పదహారువందల ముప్పై ఆరు గ్రాములు. పైకి చదవబోయాను. అవ్వ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది.

"గట్టిగ సదవకు. దిష్టి తగుల్తది. ఎక్కిందా, దిగిందా, గంతే చెప్పు నాకు."

అప్పటి నుంచి తెరను గోడవైపు తిప్పి పెట్టాను. ఎవరికీ అంకె కనబడదు. నేను చూసి, డాక్టరమ్మకు మాత్రం చెప్పేవాడిని. తూచిన ప్రతిసారీ అవ్వ నా మొహంలోకి చూసి "ఎక్కిందా?" అనేది. "ఎక్కిందవ్వా" అనేవాడిని. ఆమె ముడుతలన్నీ ఒక్కసారి విచ్చుకునేవి. రోజంతా నాతో ఎవరైనా మాట్లాడారంటే ఆమెనే. టీ తెచ్చుకుంటే సగం నాకు పోసేది. తినలేదని తెలిస్తే కోప్పడేది. నేను పొద్దున ఆ ఒక్క ప్రశ్న కోసం తొందరగా లేవడం మొదలుపెట్టాను.

పిల్ల తల్లి నీరసంగా మంచం మీదే ఉండేది, పిల్లకు గుడ్డ మార్చి చుట్టడం అంతా అవ్వే చూసుకునేది. పిల్ల తండ్రి భూపాలపల్లిలో బొగ్గు దగ్గర కాంట్రాక్టు కూలీ. అక్కడా సమ్మె, బస్సులు లేవు, రాలేకపోయాడు. ఫోన్లో పిల్ల ఏడుపు వినిపించమని అడిగేవాడు. రెండు కిలోలైతే ఇంటికి పంపిస్తానని డాక్టరమ్మ చెప్పింది. ఆ రెండు కిలోలు అవ్వకు ఎంత పెద్ద సంగతో ఒకరోజు ఆమే చెప్పింది.

"దీనికంటే ముందు ఒక పిలగాడు పుట్టిండు కొడుకా. గిట్లనే గింత ఉండె. తండాల పనులున్నయని జల్ది ఇంటికి తీస్కపోయినం. సలికి నిలువలే. నేనే తీస్కపోదామన్న. నా బిడ్డ ఒక్క మాట గూడ అనలే నన్ను. అంటే బాగుండు."

నేను వైరు సర్దుతూ కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం స్టేషన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకడ్డంగా రాళ్లపొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, డప్పులు, పాటలు. నేనూ వెళ్లి వరుసలో కూర్చున్నాను. వడ్డించే ఆయన విస్తరిలో అన్నం పెడుతూ అడిగాడు.

"యే ఊరన్నా?"

"జనగామ."

"ఒక్కనివే ఉన్నవా?"

"ఒక్కన్నే."

"అయితే ఇంకింత ఏస్కో" అని ఇంకో గరిటె వేసి ముందుకు పోయాడు. వేడి అన్నం, పప్పుచారు. రుచిగా ఉంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు నా మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు అడ్డం లేకుండా కొంచెం వెనక్కి వంగి తిన్నాను. తిరిగి వచ్చాక అవ్వ ఏం కూర పెట్టారని అడిగింది. పప్పుచారు గురించి అంత వివరంగా నేను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే గీత చూసి నాకు అనుమానం వచ్చింది. పసిపిల్లల గీత వంకరటింకరగా పోతుంది. పాలు తాగితే పైకి, తడిపిన గుడ్డ మారిస్తే కిందికి. మిగతా పిల్లల గీతలు అలాగే ఉన్నాయి. ఈ పిల్లది మెట్లు కట్టినట్టు ఉంది. పొద్దున తూచేసరికి ఒక మెట్టు ఎక్కుతోంది, రోజంతా దాదాపు అక్కడే ఉంటోంది, మర్నాడు పొద్దున మళ్లీ అంతే ఎత్తు మెట్టు. పిల్లలు ఇట్లా పెరగరు. తప్పు నా ప్రోగ్రాములోనే ఉందనుకున్నాను. షాపు నుంచి తెచ్చుకున్న ఇత్తడి రాయి పెట్టి తూచాను, సరిగ్గా చూపింది. అంకెలను కాగితం మీద వేసి చేత్తో గుణించాను. తేడా లేదు.

డాక్టరమ్మ మాత్రం సంతోషంగా ఉంది. పిల్ల రెండు కిలోలు దాటింది. పైగా గంగారం వైపు మందులు తీసుకుపోయే జీపు ఒకటి మర్నాడు పొద్దున బయల్దేరుతోంది. ఉద్యమంవాళ్లు దాన్ని పోనిస్తామన్నారు. ఇది పోతే మళ్లీ ఎప్పుడు బండి దొరుకుతుందో తెలియదని, దాంట్లో పంపించేస్తానంది. పిల్ల తల్లి అప్పుడే బట్టలు మూట కట్టుకుంది.

పొద్దున నేను వార్డులోకి పోయేసరికి అవ్వ కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని ఉంది. పిల్లను ఒళ్లో వేసుకుని, చుట్టిన గుడ్డను కొంచెం తొలగించి, మొలతాడుకు ఏదో కడుతోంది. దగ్గరికి పోయి చూశాను. వెండి బిళ్ల. అలాంటివే మొలతాడు పొడవునా వరుసగా ఉన్నాయి. ఆమె మెడలోని హారంలో సగం మేర ఉత్త దారమే మిగిలింది. రోజూ ఎదురుగా ఉన్న మనిషి మెడను నేను చూడలేదు. తెరనే చూశాను.

"సీత్లా భవానికి మొక్కుకున్న కొడుకా" అంది అవ్వ, మెల్లగా. "పొద్దుకో బిళ్ల దీని ఒంటికి కడతనని. మంచిగ ఇల్లు చేరినంక అన్ని ఆ తల్లికే ఇస్త."

"అవ్వా, గా బిళ్లలు గూడ కాంటా మీదికెక్కినయ్."

"ఎక్కితే?"

"గవ్వి తీసేస్తే పిల్ల రెండు కిలోలు లేదవ్వా. శానా తక్కువున్నది."

ఆమె చేతిలో దారం అట్లాగే ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. ఈసారి ఆ చూపులో ప్రశ్న లేదు.

"రోజు అడిగిన గదా. ఎక్కిందన్నవ్. నువ్వు ఎక్కిందంటేనే నా పాణం నిమ్మలమైతుండె."

నేను ఇన్నాళ్లూ ఆమెకు చెప్పిన మంచి కబురు ఆమె మెడలోని వెండే. బయట జీపు స్టార్టు చేసి పెట్టారు. అడవిలో చలి ఎంతుంటుందో ఆమే చెప్పింది. నేను పోయి డాక్టరమ్మతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

డాక్టరమ్మ వచ్చి మొలతాడు విప్పమంది. అవ్వ విప్పనంది. పసిపిల్ల మొలతాడు విప్పడమేమిటి, మొక్కు నడుమ బిళ్లలు తీయడమేమిటి, పిల్లకు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెబుతారు అని అడిగింది. విప్పకపోతే బరువెట్లా తెలుస్తుందని డాక్టరమ్మ. వాదన తెగలేదు. వాళ్లను ఎక్కించుకోకుండానే జీపు పోయింది. కట్టిన మూట విప్పకుండా పక్కన పెట్టుకుని పిల్ల తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలుస్తోంది. అవ్వ నన్ను చూసి మొహం తిప్పుకుంది.

సాయంత్రం టీ రాలేదు. మర్నాడు పిల్లను తూచడానికి నర్సు తెచ్చింది, అవ్వ రాలేదు. అంతకు ముందు ఎన్నో ఏళ్లు నాతో ఎవరూ మాట్లాడకుండానే గడిపాను, బతికాను. ఇప్పుడు ఒక్కరు మాట్లాడటం మానేస్తే అన్నం సయించలేదు. నేను చెప్పకుండా ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. చెప్పింది సరైన మాటే. అయినా మందుల గదిలో మంచం మీద పడుకుని, ఆమె నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని అనుకున్నాను.

చివరికి నేనే వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు విప్పకు. మొలతాడు అట్లనే ఉండనియ్యి. నీ మెడల మిగిలిన బిళ్లలున్నయి గదా, అన్ని ఒక్కతీరువే. గవ్విటిని కాంటా మీద పెట్టు. ఒక్కొక్కటి ఎంతున్నదో తెలుస్తది. పిల్ల ఒంటి మీద ఎన్నున్నయో నువ్వే చెప్పు, గంత బరువు నేను తీసేస్త. గుడ్డ బరువు తీసేసినట్టే. ఇగ మీద కట్టే బిళ్లను గూడ ముందు కాంటా మీద పెట్టి, అటెన్క కట్టుకో. మొక్కు పాడు గాదు."

నేను లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున నేను కంప్యూటరు ముందు కూర్చుని ఉంటే అవ్వ వచ్చింది. మెడలోంచి హారం తీసి తొట్టిలో పెట్టింది. నాలుగు వెంటనే వచ్చింది. హారం లేని ఆమె మెడ సన్నగా, ఎవరో వేరే మనిషి మెడలా కనిపించింది. దారం బరువు పోను ఒక్కో బిళ్ల ఎంతో లెక్క కట్టాను. తర్వాత పిల్లను పడుకోబెట్టింది. ఒంటి మీద ఉన్న బిళ్లల లెక్క వేళ్ల మీద చెప్పింది. తీసేయగా మిగిలిన అంకె చూసి నేను నోరు విప్పలేదు. అలవాటు ప్రకారం ఆమె దిష్టికి భయపడుతుందనుకున్నాను.

"గట్టిగనే చెప్పు" అంది. "ఎంతున్నదో గంత చెప్పు."

చెప్పాను. పదిహేడువందలకు పైన కొంచెం. మేం బయల్దేరిన చోటు నుంచి చాలా తక్కువ దూరమే నడిచాం. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. పిల్లను ఎత్తుకుని, "ఇంక శానా తాపాలె దీనికి" అని తల్లి దగ్గరికి తీసుకుపోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, టీ తాగావా అని అడిగింది.

తర్వాత రోజూ అంతే. ముందు బిళ్ల కాంటా మీదికి, అక్కడి నుంచి మొలతాడుకు, తర్వాత పిల్ల. మెట్లు పోయి గీత వంకరటింకరగా, నిజం పిల్ల గీతలా నడవడం మొదలుపెట్టింది. కొన్ని పూటలు దిగేది. దిగిందని చెప్పేవాడిని. అవ్వ పెదవి బిగించి తల ఊపేది. ఈలోగా రైళ్లు మళ్లీ నడిచాయి. సేటు ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అరిచాడు. ప్రోగ్రాములో ఇంకా పనుందని చెప్పాను. పనేమీ లేదు. జనగామలో నా గది తాళం తీయాలంటేనే నాకు భయమేసింది.

అవ్వ హారంలో బిళ్లలు అయిపోయాయి. పిల్ల మాత్రం ఆగలేదు. వెండి అంతా తీసేయగా రెండు కిలోలు దాటిన పొద్దున డాక్టరమ్మ నన్ను మూడుసార్లు తూచమంది. మూడుసార్లూ దాటింది. ఆ మర్నాటికి భూపాలపల్లి నుంచి అల్లుడు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. పిల్లను చూసి తల నిమిరాడు. మూట ఆటోలో పెట్టారు, తల్లి ఎక్కింది. నేను వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాను. ఇట్లాంటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఎప్పుడూ తెలియదని చెప్పాను కదా.

అవ్వ పిల్లను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇన్నొద్దుల సంది అంకెల్లనే సూస్తివి. పట్టుకో జర."

"నాకు రాదవ్వా."

"వచ్చేదేముంది? తల కింద చెయ్యి పెట్టు."

పెట్టాను. ఆ పిల్ల బరువు నాకు తెలిసినంతగా లోకంలో ఎవరికీ తెలియదనుకునేవాడిని. చేతుల్లో పడేసరికి అది నాకు తెలిసిన బరువు కాదు. వెచ్చగా ఉంది. గుడ్డలోపల కాళ్లు తన్నింది, ఆ తన్ను నా పొట్టకు తగిలింది. పాల వాసన. నాయినను చివరిసారి మంచం మీంచి లేపి కూర్చోబెట్టిన తర్వాత నేను ఇంకో మనిషిని ఇంత దగ్గరగా పట్టుకోలేదు. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియలేదు. ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను.

ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. "ఇయ్యి కొడుకా, పొద్దువోతది" అని అవ్వ రెండు చేతులూ చాచింది. నాకు వినపడింది. చేతులూ కనపడ్డాయి. అయినా వెంటనే ఇవ్వలేకపోయాను. ఆమె తొందర పెట్టలేదు, అట్లాగే చేతులు చాచి నిలబడింది.